నటనకూ ఒక చదువు: మండీ హౌస్ కూడలిలోని నాటక విద్యాలయం

కొత్త ఢిల్లీలో మండీ హౌస్ కూడలి నుంచి భగవాన్ దాస్ రోడ్డు వెంట కొద్ది దూరం నడిస్తే బహావల్‌పూర్ హౌస్ అనే పాత భవనం కనిపిస్తుంది. ఒకనాటి సంస్థానం పేరును నిలుపుకొన్న ఈ భవనంలోనే జాతీయ నాటక విద్యాలయం నడుస్తున్నది. చుట్టుపక్కల రవీంద్ర భవన్, కమానీ ప్రేక్షాగృహం, శ్రీరామ్ సెంటర్, త్రివేణీ కళా సంగమం ఉన్నాయి. దేశంలో ఇన్ని కళాసంస్థలు ఒకే కూడలి చుట్టూ ఉన్న చోటు మరొకటి అరుదు. విద్యాలయంలో ప్రవేశానికి ఎంపికలు జరిగే రోజులలో దేశపు నాలుగు చెరగుల నుంచి యువతీయువకులు ఇక్కడికి చేరుకుంటారు. వారిలో రైతుబిడ్డలు, గుమాస్తాల పిల్లలు, ఉద్యోగం వదులుకొని వచ్చినవారు కూడా ఉంటారు. వచ్చినవారిలో అత్యధికులు నిరాశతో తిరిగిపోతారు. ప్రవేశం లభించిన కొద్దిమంది మూడు సంవత్సరాల యౌవనాన్ని ఈ విద్యకు సమర్పిస్తారు.

ఇంటివద్ద తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే: "నటన ఒకరు నేర్పితే వచ్చేదేనా?" ఈ ప్రశ్నను తోసిపుచ్చడం న్యాయం కాదు. పాట పాడేవాడికి గురువు కావాలని అందరూ ఒప్పుకుంటారు. వైద్యుడు, వడ్రంగి పని నేర్చుకోకుండా వృత్తిలో దిగితే ఎవరూ సహించరు. నటన విషయం వచ్చేసరికి మాత్రం అది పుట్టుకతో రావాలనే అభిప్రాయం మన సమాజంలో బలంగా ఉన్నది. ఈ అభిప్రాయంలో నిజమెంత, భ్రమ ఎంత అన్నది విచారించదగిన విషయం.

శిక్షణ మనకు కొత్త కాదు

నటనను శాస్త్రంగా పరిగణించడం పాశ్చాత్యుల నుంచి మనం అరువు తెచ్చుకున్న భావం కాదు. భరతముని పేరిట ప్రసిద్ధమైన నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించి, ఒక్కొక్కదానికి లక్షణాలు నిర్దేశించింది. కంటి చూపుకు, కనుబొమల కదలికకు, మెడ తిప్పే తీరుకు కూడా పేర్లు పెట్టిన గ్రంథమది. సాధన లేకుండా ఇవి పట్టుబడతాయని ఆ శాస్త్రకారుడు అనుకొని ఉండడు.

తెలుగునాట కూడా శిక్షణ ఎన్నడూ లేకపోలేదు. కూచిపూడి గ్రామంలో భాగవతుల కుటుంబాల పిల్లలు చిన్ననాటి నుంచే అడుగులు, దరువులు, సంస్కృత శ్లోకాలు అభ్యసించేవారు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో ఆరంభమైన సురభి నాటక సమాజం ఒక పెద్ద కుటుంబం. అక్కడ బిడ్డ ఉయ్యాల వయసు దాటగానే రంగస్థలం ఎక్కుతుంది. పద్యం చదవడం, తెర ఎత్తడం, రంగు పూసుకోవడం, మాయాదృశ్యాల తీగలు లాగడం అన్నీ ఇంటి పనులుగానే నేర్చుకుంటుంది. పద్యనాటక సమాజాలలో హార్మోనిస్టు ఒక విధంగా ఉపాధ్యాయుడే. శ్రుతి తప్పిన నటుణ్ణి సరిదిద్దే బాధ్యత ఆయనదే.

అయితే ఈ శిక్షణకు రెండు పరిమితులుండేవి. అది కులం, కుటుంబం, సమాజం అనే గడప లోపల ఉండేది. ఆ గడపకు వెలుపల పుట్టినవాడికి నేర్చుకునే మార్గం దొరకడం కష్టం. రెండవది, ఒక సంప్రదాయంలో ఆరితేరినవాడికి మరొక సంప్రదాయం పరిచయమయ్యే అవకాశం తక్కువ. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ రెండు గోడలనూ తొలగించే ఒక జాతీయ విద్యాసంస్థ ఆవశ్యకత స్పష్టమయింది.

విద్యాలయం పుట్టుక

1958లో ఢిల్లీలో యునెస్కో సహాయంతో ఆసియా నాటక సంస్థ ఒకటి మొదలయింది. సంగీత నాటక అకాడమీ దానిని తన అధీనంలోకి తీసుకొని, 1959లో జాతీయ నాటక విద్యాలయాన్ని నెలకొల్పింది. బెంగాలీ రంగస్థల ప్రముఖుడు సతూ సేన్ దానికి తొలి సంచాలకుడు. 1975లో విద్యాలయం అకాడమీ నుంచి విడివడి స్వతంత్ర ప్రతిపత్తి గల సంస్థ అయింది. నిధులు మాత్రం కేంద్ర ప్రభుత్వమే సమకూరుస్తున్నది.

విద్యాలయానికి రూపురేఖలు దిద్దినవారు ఇబ్రహీం అల్కాజీ. ఆయన 1925లో పూనాలో జన్మించారు. లండన్‌లోని రాయల్ అకాడమీలో నాటకవిద్య అభ్యసించి, బొంబాయిలో ప్రయోగాలు చేసి, 1962లో విద్యాలయ బాధ్యతలు స్వీకరించారు. 1977 వరకు ఆ పదవిలో ఉన్నారు. నాటకం అంటే తీరిక సమయపు వినోదం కాదు, క్రమశిక్షణతో కూడిన వృత్తి అన్న భావాన్ని ఆయన విద్యార్థులలో నాటారు. నటుడు కావలసినవాడు రంగాలంకరణ, దీపాల అమరిక, వస్త్రాలు కుట్టించడం కూడా తెలుసుకోవాలన్నది ఆయన నియమం. మోహన్ రాకేశ్ 'ఆషాఢ్ కా ఏక్ దిన్', ధర్మవీర్ భారతి 'అంధాయుగ్', గిరీశ్ కర్నాడ్ 'తుగ్లక్' వంటి ఆధునిక భారతీయ నాటకాలు ఈ విద్యాలయం ద్వారా జాతీయ ప్రఖ్యాతి పొందాయి. 1963లో ఫిరోజ్ షా కోట్లా శిథిలాల మధ్య 'అంధాయుగ్'ను, 1974లో పురానా ఖిల్లాలో 'తుగ్లక్'ను ఆయన ప్రదర్శించారు. కురుక్షేత్ర సంగ్రామపు చివరి దినాన్ని కూలిన గోడల నడుమ చూసిన ప్రేక్షకులకు చరిత్ర, పురాణం, వర్తమానం ఒకచోట కలిసినట్లనిపించి ఉంటుంది. అల్కాజీ 2020లో కన్నుమూశారు.

1964లో విద్యాలయానికి అనుబంధంగా రెపర్టరీ కంపెనీ అనే వృత్తినాటక బృందం ఏర్పడింది. చదువు ముగించిన నటులు వేతనం తీసుకొని నాటకమే పనిగా జీవించే అవకాశం దీనివల్ల కలిగింది. 1989లో పిల్లలతో, పిల్లల కోసం పనిచేసే విద్యారంగ నాటక విభాగం, 1999లో భారత రంగ మహోత్సవం మొదలయ్యాయి.

మూడేండ్లలో ఏమి నేర్చుకుంటారు?

ఈ విద్యలో ప్రవేశానికి పట్టభద్రులై ఉండటంతో పాటు నాటకాలలో పాల్గొన్న అనుభవం కూడా ఉండాలి. ప్రాథమిక ఎంపిక వేర్వేరు నగరాలలో జరుగుతుంది. నిలిచినవారిని ఢిల్లీకి పిలిచి, కొన్ని రోజులపాటు శిబిరంలో పరిశీలించి తుది ఎంపిక చేస్తారు. కంఠస్థం చేసిన ఒక సంభాషణ బాగా అప్పగించినంత మాత్రాన చాలదు. నలుగురితో కలిసి పనిచేయగలడా, చెప్పిన మార్పును అందుకోగలడా అన్నది కూడా చూస్తారు. చేరినవారికి విద్యార్థి వేతనం లభిస్తుంది. పేదవాడు కూడా ఈ చదువుకు ఆశపడగలగడానికి అది ముఖ్యకారణం.

పాఠ్యక్రమం సారాన్ని భరతుని నాలుగు అభినయాల వరుసలోనే అర్థం చేసుకోవచ్చు. మొదటిది శరీరం. ప్రతి మనిషికీ తెలియకుండానే కొన్ని అలవాట్లుంటాయి. భుజాలు వంచి నిలబడటం, మాట్లాడుతూ చేతులు నలపడం వంటివి. పాత్ర మారినా ఈ అలవాట్లు మారకపోతే ప్రేక్షకుడికి పాత్ర కాక నటుడే కనిపిస్తాడు. యోగాభ్యాసం, కలరిపయట్టు, థాంగ్‌టా వంటి యుద్ధవిద్యలు, నృత్యరీతులు శరీరాన్ని ఈ అలవాట్ల నుంచి విడిపించి, ఏ రూపానికైనా వంగే సాధనంగా మారుస్తాయి.

రెండవది వాక్కు. గొంతు చించుకొని అరిచే నటుడి కంఠం పది ప్రదర్శనలకు బొంగురుపోతుంది. ఊపిరిని పొట్ట లోతు నుంచి తీసి, ఛాతీని, ముఖంలోని ఖాళీలను ప్రతిధ్వనించేలా చేయడం నేర్చినవాడి గుసగుస కూడా వెనుక వరుసకు వినబడుతుంది. మూడవది ఆహార్యం. వేషం, ముఖాలంకరణ, రంగపరికరాలు, దీపాలు దీని కిందికి వస్తాయి. ఇవి తెలిసిన నటుడు వెలుతురు ఎక్కడ పడుతుందో గ్రహించి నిలబడతాడు. తెలియనివాడు చీకటిలో నిలబడి ఏడుస్తాడు.

నాలుగవది సాత్త్వికం. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ (1863–1938) ఈ విషయంలో ఆధునిక నటులకు ఒక మార్గం చూపారు. ఆ పాత్ర ఉన్న పరిస్థితిలో తానే ఉంటే ఏమి చేస్తానని నటుడు ప్రశ్నించుకోవాలి. దృశ్యంలో ఆ పాత్రకు ఏమి కావాలి, దానికి అడ్డుగా ఉన్నదేమిటి అని వెతకాలి. కన్నీళ్ల కోసం ప్రయత్నించక కారణం కోసం ప్రయత్నిస్తే కన్నీళ్లు వాటంతటవే వస్తాయి. వందవ ప్రదర్శనలో కూడా మొదటిసారి జరుగుతున్నట్లే నటించగలగడం శిక్షణ ఇచ్చే వరం. సహజ ప్రతిభ గల వ్యక్తి ఒకనాడు అద్భుతంగా నటించవచ్చు. మరునాడు జ్వరంతో, దిగులుతో ఉన్నప్పుడు కూడా అదే స్థాయి నిలుపుకోవడానికి పద్ధతి అవసరం.

భాష అనే అవరోధం

విద్యాలయంలో బోధనకు, ప్రదర్శనకు ప్రధానంగా హిందీని ఉపయోగిస్తారు. తెలుగు విద్యార్థికి ఇది చిన్న సమస్య కాదు. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు పలకడం మన నాలుకకు స్వభావం. హిందీలో పదాలు ఎక్కువగా హల్లుతో ముగుస్తాయి. మనవాడు తనకు తెలియకుండానే ప్రతి పదం చివర ఒక అచ్చు చేరుస్తాడు. ఉర్దూ ప్రభావంతో వచ్చిన ధ్వనులు మరొక చిక్కు. వ్యవహారంలో మహాప్రాణాలను తేల్చి పలకడం మనకు అలవాటు. హిందీలో ఆ ఒత్తు పోతే అర్థమే మారిపోతుంది. 'ఖానా' అంటే భోజనం, 'కానా' అంటే ఒంటికన్నువాడు. విషాద దృశ్యంలో ఈ పొరపాటు జరిగితే ప్రేక్షకులు నవ్వుతారు.

అయితే ప్రతి భాషా తన బిడ్డకు కొంత ఆస్తి ఇచ్చి పంపుతుంది. 'జడ', 'చలి' వంటి మాటలలో మనం పలికే దంత్యధ్వనులు ఉర్దూ ధ్వనులకు దగ్గరగా ఉండి సహాయపడతాయి. పద్యనాటకం విన్న చెవికి దీర్ఘమైన ఊపిరి, కంఠ విస్తారం సుపరిచితం. తెలంగాణ ప్రాంతం నుంచి వెళ్లిన విద్యార్థికి ఉర్దూ పలుకుబడి కొంత ముందే తెలిసి ఉంటుంది. పరాయి భాషలో నటించడం కోసం ప్రతి ధ్వనినీ పట్టి చూసుకున్న నటుడు తన మాతృభాషను కూడా కొత్తగా వినడం మొదలుపెడతాడు.

ఈ అవరోధం ఎంత తీవ్రమైనదో ఇద్దరు మణిపురీ కళాకారుల జీవితాలు తెలుపుతాయి. హైస్నాం కన్హయ్యాలాల్ 1960లలో ఈ విద్యాలయంలో చేరారు గాని, భాష కారణంగా కొనసాగలేక ఇంఫాల్ తిరిగి వెళ్లారు. 1969లో అక్కడ కళాక్షేత్ర మణిపూర్ స్థాపించి, మాటల కన్నా దేహానికి ప్రాధాన్యమిచ్చే నాటకరీతిని సృష్టించారు. 2016లో ఆయనకు పద్మభూషణ్ లభించింది. రతన్ థియం 1974లో విద్యాలయం నుంచి పట్టా పొంది, 1976లో ఇంఫాల్‌లో కోరస్ రెపర్టరీ థియేటర్ నెలకొల్పారు. మణిపురీ భాషలో ఆయన ప్రదర్శించిన 'చక్రవ్యూహ' ప్రపంచ ఖ్యాతి గడించింది. తరువాత 1987లో అదే విద్యాలయానికి సంచాలకులయ్యారు. ఒకరికి విద్యాలయం ద్వారమైంది, మరొకరికి గోడ అయింది. ఇద్దరూ చివరకు తమ నేల మీదనే, తమ భాషలోనే పరిపూర్ణులయ్యారు. జాతీయ సంస్థ గుర్తుంచుకోవలసిన పాఠం ఇందులో ఉన్నది. సమైక్యత అంటే అందరూ ఒకే భాషలో మాట్లాడటం కాదు. ఒకరి భాషను మరొకరు ఓపికగా వినడం.

చదువు ఇచ్చిన ఫలితం

విద్యాలయంలో చదివిన నటుల పేర్లు దేశమంతటికీ తెలిసినవే. హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన మనోహర్ సింగ్ తుగ్లక్ పాత్రలో చిరస్మరణీయులయ్యారు. అస్సాం నుంచి సీమా బిస్వాస్, రాజస్థాన్ నుంచి ఇర్ఫాన్ ఖాన్, బీహార్ పల్లె నుంచి పంకజ్ త్రిపాఠీ వచ్చారు. తెలుగు ప్రేక్షకులకు 'పోకిరి' (2006) ద్వారా బాగా పరిచితులైన ఆశిష్ విద్యార్థి, 'జయం మనదేరా' (2000)లో కనిపించిన అతుల్ కులకర్ణి కూడా ఇక్కడి విద్యార్థులే.

వీరిలో ఓం పురీ ఉదాహరణ ప్రత్యేకంగా గమనింపదగినది. పంజాబీ వాతావరణంలో, పేదరికంలో పెరిగిన ఆయనకు విద్యాలయంలో చేరిన కొత్తలో ఇంగ్లీషు రాదన్న సంకోచం ఎక్కువగా ఉండేది. అల్కాజీ ప్రోత్సాహంతో నిలదొక్కుకొన్నారు. జపాన్ కబుకీ పద్ధతిలో ప్రదర్శించిన 'ఇబరాగి' నాటకంలో ఆయన నటన సహవిద్యార్థులను ఆశ్చర్యపరచింది. 1973లో చదువు ముగించి, ఆ పైన పూనా ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో కెమెరా ముందు నటించే పద్ధతి కూడా నేర్చుకున్నారు. నాయకుడికి ఉండవలసిన ముఖం కాదని చిత్రసీమ అనుకున్న ముఖాన్ని దేశం మరచిపోలేని ముఖంగా మార్చింది ఆ సాధనే. తెలుగులో 'అంకురం' చిత్రంలోనూ ఆయన నటించారు.

ఆక్షేపణలు, సమాధానాలు

శిక్షణ లేకుండా గొప్ప నటులైనవారు లేరా అని అడిగితే తప్పక ఉన్నారు. బళ్లారి రాఘవ న్యాయవాద వృత్తి చేస్తూనే తెలుగు రంగస్థలానికి సహజాభినయాన్ని తెచ్చారు. స్త్రీ పాత్రధారణలో స్థానం నరసింహారావు సాటిలేనివారు. వీరెవరూ నాటక పాఠశాలలో చదువుకోలేదు. కాని వారు సాధన చేయలేదని ఎవరనగలరు? వారికి రంగస్థలమే పాఠశాల, ఏటా వందల ప్రదర్శనలే పాఠాలు. అటువంటి నిరంతర ప్రదర్శనలు నేడు తగ్గిపోయాయి. అనుభవం మీద నేర్చుకునే ఆ బడి మూతపడిన చోట మరొక బడి తెరవవలసి వచ్చింది.

విద్యాలయంలో సీటు దొరకకపోతే నటజీవితమే ముగిసిందనుకోవడం కూడా పొరపాటు. నేడు ప్రఖ్యాతుడైన మనోజ్ బాజ్‌పేయీకి ఇక్కడ పదే పదే ప్రవేశం నిరాకరించబడింది. ఆయన ఢిల్లీలోనే బ్యారీ జాన్ వద్ద పనిచేస్తూ నటన నేర్చుకున్నారు. సంస్థ దొరకకపోయినా శిక్షణను వదలలేదు.

ఇక జీవనోపాధి మాట. మూడేండ్లు చదివిన ప్రతివాడికీ పేరు, డబ్బు వస్తాయని చెప్పడం అసత్యమవుతుంది. నవాజుద్దీన్ సిద్దిఖీ 1996లో పట్టా పుచ్చుకున్న తరువాత గుర్తింపు కోసం దాదాపు పదిహేనేండ్లు చిన్న చిన్న వేషాలతో వేచి ఉండవలసి వచ్చింది. శిక్షణ అవకాశాన్ని సృష్టించదు. అవకాశం వచ్చిన నాడు చేతులు ఖాళీగా లేకుండా చూస్తుంది. పైగా ఈ చదువు వెండితెరకే దారి కాదు. పాఠశాలలలో నాటక బోధన, దర్శకత్వం, రంగాలంకరణ, దీపాల కూర్పు, ఆకాశవాణి, దూరదర్శన్ వంటి మార్గాలు కూడా ఉన్నాయి.

సురభితో కలయిక

శాస్త్రీయ శిక్షణ, కుటుంబ పరంపర ఒకదానికొకటి విరుద్ధాలు కావని తెలుగునాట జరిగిన ఒక ప్రయోగం నిరూపించింది. కన్నడిగుడైన బి.వి. కారంత్ బాల్యంలో గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో పెరిగి, కాశీలో హిందీ చదివి, ఈ విద్యాలయంలోనే శిక్షణ పొంది, 1977 నుంచి దానికి సంచాలకులుగా పనిచేసినవారు. కంపెనీ నాటకం, నాటక విద్య రెండూ ఆయన నరాలలో ఉన్నాయి. 1990లలో ఆయన సురభి కళాకారులతో కలిసి పనిచేసి 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' నాటకాలను రూపొందించారు. చివరిది జర్మన్ రచయిత బ్రెఖ్ట్ నాటకానికి తెలుగు రూపం. తరతరాలుగా పౌరాణికాలు ఆడిన కుటుంబం ఒక జర్మన్ ఇతివృత్తాన్ని హైదరాబాదు బస్తీ మనిషి కథగా నిలబెట్టింది. సురభివారికి కొత్త దృష్టి లభించగా, పాఠశాలలు నేర్పలేని తాళజ్ఞానం, సమష్టి జీవనం ఏమిటో ఆధునిక రంగస్థలానికి తెలిసివచ్చింది.

నటనాభిలాషులు గమనించవలసినవి

నేడు జాతీయ రాజధాని ప్రాంతంలో, ముఖ్యంగా ఢిల్లీ, నోయిడాలలో నటన నేర్పుతామనే ప్రైవేటు సంస్థలు అనేకం ఉన్నాయి. కొన్ని శ్రద్ధగా పనిచేస్తున్నాయి. కొన్నింటి ప్రకటనలలో వేషాల వాగ్దానమే తప్ప పాఠం కనిపించదు. చేరే ముందు విద్యార్థి కొన్ని విషయాలు విచారించాలి. బోధించేవారు స్వయంగా రంగస్థలంలోనో చిత్రాలలోనో పనిచేసినవారా? రోజూ శరీర, వాక్ సాధన ఉన్నదా? శిక్షణ కాలంలో ప్రేక్షకుల ముందు పూర్తి నాటకాలు ఆడిస్తారా? రుసుము, కాలవ్యవధి కాగితం మీద స్పష్టంగా ఉన్నాయా? వేషం ఇప్పిస్తామని సొమ్ము అడిగే చోట విద్య ఉండదని గ్రహించాలి.

ప్రతివారూ ఢిల్లీకే వెళ్లనవసరం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం రంగస్థల కళలను బోధించే శాఖలను నెలకొల్పాయి. సినిమా విషయంలోనూ శిక్షణకు తెలుగువారు దూరంగా లేరు. 1970లలో మద్రాసులో చలనచిత్ర వాణిజ్య మండలి నడిపిన సంస్థలో చిరంజీవి నటన నేర్చుకున్నారు. పూనాలో చదివిన దేవదాస్ కనకాల మద్రాసులో, హైదరాబాదులో ఎందరికో ఆ విద్యను పంచి, 2019లో పరమపదించారు. ఒకరు నేర్చిన చదువు ఒకరితో ఆగిపోదనడానికి ఆయన జీవితమే నిదర్శనం.

కళాశాల గ్రంథాలయంలో కూర్చుని ఈ పుటలు చదివే విద్యార్థి తన ప్రయత్నాన్ని నేడే ఆరంభించవచ్చు. రోజుకు ఒక పుట గట్టిగా, అర్థం చెడకుండా చదవడం, చుట్టూ ఉన్న మనుషుల నడకను, మాటను గమనించడం, వార్షికోత్సవ నాటకంలో వేషం దొరకకపోతే తెర లాగే పని అయినా స్వీకరించడం ఈ విద్యకు ఓనమాలు. తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నకు సమాధానం కూడా ఇందులోనే ఉన్నది. ప్రతిభను ఎవరూ నేర్పలేరు. ప్రతిభకు శరీరాన్ని, కంఠాన్ని, క్రమశిక్షణను, తోటివారితో కలిసి పనిచేసే వినయాన్ని ఇవ్వడం మాత్రం గురువు చేయగలిగిన పని. విత్తనం ఎవరిదైనా, దున్నని నేలలో పంట పండదు.